తన తప్పును తానే దిద్దుకొన్న పరిశోధన

ముళ్ళబంతివలె కనిపించు సముద్రపు అర్చిన్ పుట్టినప్పుడు ముళ్ళబంతి కాదు. గ్రుడ్డునుండి వెలువడిన డింభకము మిక్కిలి చిన్నదై, కొంతకాలము నీటిలో తేలియాడును. పిదప తగిన చోట దిగి, రూపవిక్రియ చెంది, పిల్ల అర్చిన్ అగును. అటుపిమ్మట మరల ఈదుట లేదు. కనుక చోటు తప్పినచో ప్రాణమునకే ముప్పు. కన్నులు లేని ఈ చిన్న ప్రాణి తన చోటును ఎట్లు గుర్తించును?

ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరమునందు హోలోప్న్యూస్టెస్ పర్పురాసెన్స్ అను అర్చిన్ కలదు. దాని చిన్న పిల్లలు ముఖ్యముగా డెలీసియా పల్క్రా అను ఎర్ర శైవలముపై కనబడును. ఆ శైవలమునుండి నీటిలో కరగు ఏదో పదార్థము డింభకమును దింపుచున్నదని విలియంసన్, స్టైన్‌బర్గ్ ప్రభృతులు కనుగొనిరి. అది ఫ్లోరిడోసైడ్ అను చక్కెర పదార్థము, ఐసెథియానిక్ ఆమ్లము కలిసిన సంకీర్ణమని 2000లో 'బయొలాజికల్ బులెటిన్' పత్రికలో ప్రకటించిరి.

2004లో అదే పత్రికలో స్వాన్సన్ ప్రథమ రచయితగా మరియొక పత్రము వెలువడినది. మొదటి పత్రపు రచయితలలో పలువురు ఇందును కలరు. మునుపు చెప్పినది సరికాదనియు, అసలు పదార్థము హిస్టమీన్ అనియు వారు స్పష్టముగా వ్రాసిరి. మన శరీరమున దురద, తుమ్ములు కలిగించు హిస్టమీన్ ఇదియే!

ఈ రెండవ పత్రపు బలము దాని పరీక్షలో ఉన్నది. శుద్ధమని తలచిన పదార్థములో మరియొకటి లేశమాత్రముగా దాగియుండవచ్చును. పని చేయునది ఆ లేశమే కావచ్చును. అందుచే శైవలమునుండి తీసిన హిస్టమీన్‌నే కాక, కృత్రిమముగా తయారైన హిస్టమీన్‌ను కూడ పరీక్షించిరి. రెండింటికిని డింభకములు త్వరితముగా దిగినవి. సందేహమునకు తావు తగ్గినది.

అయినను హిస్టమీన్ అను ఒక్క మాటతో సర్వము తేలినట్లు తలచరాదు. ఇది ఒక జాతికి చెందిన ఫలితము. 2013లో గేలార్డ్, హోడిన్, ఫెర్నర్ కాలిఫోర్నియా ఊదారంగు అర్చిన్‌పై చేసిన ప్రయోగములో, అలల తాకిడివంటి నీటి కల్లోలమునకు కొద్దిసేపు గురియైన డింభకములు రసాయన సంకేతమునకు ముందుగానే సిద్ధమైనవి. అనగా నీటి చలనమును విడిచి రసాయనమును మాత్రమే చూచినచో కథ సగమే. కాని ఆ ప్రయోగమునకును ఒక కొరత కలదు: అందు సంకేతముగా వాడినది శైవలపు పదార్థము కాదు, పొటాసియము.

తరగతిలో 2004 నాటి ఫలితమును మాత్రమే చెప్పినచో విద్యార్థికి ఒక పేరు తెలియును. 2000 నాటి పత్రమును దాని ప్రక్కన ఉంచి చూపినచో, విజ్ఞానశాస్త్రము ఎట్లు నడచునో తెలియును.