ఆప్తవాక్యం – ఆన్‌లైన్ వినియోగదారుల సమీక్షలు: నైతిక పరిశీలన

వస్తువును కొనబోయే వ్యక్తి అంతకుముందే కొన్నవారి మాటను ఆధారం చేసుకోవడం కొత్త విషయం కాదు. ఊరి అంగడిలో చెప్పేవారెవరో, వర్తకునితో వారికున్న సంబంధమేమిటో వినేవారికి తెలిసేది. ఆన్‌లైన్ విక్రయవేదికల మీద ఆ మాట ముఖంలేని సమీక్షగా, నక్షత్రాల లెక్కగా మారింది. నకిలీ సమీక్షలపై చర్చ తరచుగా వస్తువు మంచిదా కాదా అన్నదగ్గరే ఆగిపోతుంది. అంతకంటే ముందు తేలవలసింది, ఆ మాట చెప్పే అర్హత చెప్పినవారికి ఉందా అన్నది.

భారతీయ తర్కశాస్త్రానికి ఈ ప్రశ్న పాతదే. న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలలో ఒకటైన శబ్దాన్ని ఆప్తుని ఉపదేశంగా నిర్వచించింది. వాత్స్యాయన భాష్యం ప్రకారం ఆప్తుడు విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగినవాడు. ఎరిగినదాన్ని ఎరిగినట్లే తెలియజేయాలన్న కోరిక గలవాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని భాష్యకారుడు చెప్పడం విశేషం. అంటే ఆప్తత్వం హోదాతో వచ్చేది కాదు. కుక్కరును నెలరోజులు వాడిన వంటమనిషి ఆ కుక్కరు విషయంలో ఆప్తుడు. దాన్ని ముట్టుకోని సినీతార కాదు.

ఈ కొలతతో చూస్తే, వాడకుండా రాసిన పొగడ్త కాకతాళీయంగా నిజమైనా నకిలీయే అవుతుంది. వస్తువును నిజంగానే కొని, ఐదు నక్షత్రాలిస్తే డబ్బు వాపసు వస్తుందన్న ఆశతో రాసినవారి స్థితి మరింత చిక్కైనది. అక్కడ మొదటి లక్షణం ఉంది, రెండవది అమ్ముడుపోయింది. (పుస్తకాలకు మిత్రులు రాసే ముందుమాటల్లోనూ ఈ ఇబ్బంది లేకపోలేదు. అయితే అక్కడ రాసినవారి పేరు ఉంటుంది. పాఠకులు ఆ స్నేహాన్ని కూడా లెక్కలోకి తీసుకోగలరు.)

భారతదేశంలో 2022 జూన్‌లో వెలువడిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నిరోధక మార్గదర్శకాలు ఈ దృష్టికి దగ్గరగా ఉన్నాయి. ప్రకటనలోని సమర్థన నిజాయితీగల అభిప్రాయమై ఉండాలనీ, తగిన సమాచారం లేదా అనుభవం దానికి ఆధారంగా ఉండాలనీ అవి కోరాయి. అదే సంవత్సరం నవంబరులో భారత ప్రమాణాల సంస్థ సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణలకు ఐ.ఎస్. 19000:2022 ప్రమాణాన్ని తెచ్చింది. ఈమెయిల్, ఫోన్ వంటి మార్గాల ద్వారా సమీక్షకుని ధ్రువీకరించాలని అందులో ఉంది. ఇది అవసరమే, కానీ చాలదు. ఫోన్ నంబరు మనిషి ఉన్నాడని చెప్పగలదే గాని, అతనికి అనుభవం ఉందని చెప్పలేదు. భాషను బట్టి పోల్చుకోవచ్చనే వాదన కూడా నిలవదు. అతిశయోక్తులను నకిలీకి గుర్తుగా చెప్పేవారున్నారు. నేడు యంత్రం చిన్న ఫిర్యాదునూ, అక్షరదోషాన్నీ కలిపి సహజంగా రాయగలుగుతోంది.

వీటన్నిటికంటే తీవ్రమైనది మరొకటుంది. ప్రతి సమీక్షా నిజమైనదే అయినా, ప్రతికూలమైనవాటిని తొలగిస్తే మిగిలిన సముదాయం అబద్ధం చెబుతుంది. ఇందులో రాసినవారెవరూ దోషులు కారు. నష్టపోయి, తీరిక చేసుకుని నిజం రాసిన కొనుగోలుదారు మాట మాత్రం చెప్పనట్టే అయిపోతుంది. వాత్స్యాయనుని లక్షణం ఒక్కొక్క వక్తకు వర్తించేది. మాటలను ఏరి కూర్చేవారికి దాన్ని విస్తరింపజేయవలసి ఉంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం (2024 అక్టోబరు 21 నుంచి అమలు) ఈ దిశలో స్పష్టంగా అడుగువేసింది. తక్కువ రేటింగు కారణంగా కొన్ని సమీక్షలను అణచిపెట్టి, చూపినవే మొత్తమని లేదా అధికభాగమని నమ్మించడాన్ని అది నిషేధించింది. అక్కడ బాధ్యత రాసిన వ్యక్తిని దాటి, కూర్చిన సంస్థను చేరింది.