టోల్‌గేటు దాటాక మూగబోయే రహదారి

కోల్‌కతా పక్కనున్న డంకుని ప్రాంతంలో మొదలయ్యే 16వ నెంబరు జాతీయ రహదారి ఒడిశా దాటి, మన ఇచ్ఛాపురం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది. ఆ దారిలో టోల్‌గేటు దగ్గర మీరు గమనించే ఉంటారు. లారీ అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ను పైనున్న యాంటెన్నా చదవగానే గేటు లేస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఇది తప్పనిసరి. దీన్ని చూపించి మనవి ‘తెలివైన రహదారులు’ అయ్యాయనడం పరిపాటి. ఆ మాట ఒప్పుకోవడం కష్టం.

ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. యాంటెన్నా పంపే 865-867 మెగాహెర్ట్జ్ తరంగాలు తగిలినప్పుడు, ఆ శక్తితోనే అది తన నెంబరు చెబుతుంది. అదీ కొద్ది మీటర్ల దూరానికే. గేటు దాటితే అది మూగది. డబ్బు వసూలుకు చక్కని సాధనమే, కాదనను. కానీ డిసెంబరు పొగమంచులో ముందు లారీ హఠాత్తుగా ఆగితే, వెనక బస్సుకు కబురెవరు చెప్పాలి?

చెప్పే పద్ధతి ఉంది. వాహనంలో ఒక రేడియో, రోడ్డు పక్క స్తంభం మీద మరొకటి. వాహనం తన స్థానం, వేగం, బ్రేకు వేసిందీ లేనిదీ సెకనుకు పదిసార్లు ప్రసారం చేస్తుంది. స్తంభం దాన్ని వెనకవారికి అందిస్తుంది. మంచు కాంతిని చెదరగొట్టినట్టు ఈ తరంగాలను చెదరగొట్టలేదు. గంటకు 90 కి.మీ. వేగమంటే సెకనుకు 25 మీటర్లు. మంచులో 50 మీటర్లే కనబడితే డ్రైవరుకు చిక్కేది 2 సెకన్లు. 300 మీటర్ల ముందే కబురందితే 12 సెకన్లు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు.

అలాగని రహదారి పొడవునా స్తంభాలు నాటేయమనే ఉత్సాహమూ నాకు రుచించదు. అమెరికా 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ పట్టీని ఇందుకు కేటాయించింది. స్తంభాలు లేవని కార్లలో రేడియోలు రాలేదు, రేడియోలు లేవని స్తంభాలు లేవలేదు. చివరకు 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వై-ఫై వంటివాటికి ఇచ్చేశారు. మన రోడ్డు మీదైతే సైకిలు, ఎడ్లబండి, పాదచారి కూడా ఉంటారు. వారి దగ్గర రేడియో ఎక్కడిది? కనుక మన స్తంభానికి నోరొక్కటే చాలదు. మంచులోనూ చూడగల రాడారు, అందరికీ కనబడే దీపాల బోర్డు కూడా కావాలి. ప్రమాదాలు తరచూ జరిగే మలుపుల్లో, కూడళ్లలో ముందుగా పెట్టాలి.

ఇదేమీ మనకు పరాయి విద్య కాదు. 1894-96లో కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ 5 మిల్లీమీటర్ల తరంగాలతో, అంటే 60 గిగాహెర్ట్జ్‌తో, ప్రయోగాలు చేశాడు. నేటి కార్ల రాడార్లవి 76-81 గిగాహెర్ట్జ్, అంటే 4 మిల్లీమీటర్ల లోపు తరంగాలు. 2012లో ఆ కాలేజీలో ఆయన ప్రయోగాల జ్ఞాపకంగా ఫలకం పెట్టారు. అక్కడి నుంచి డంకుని ఎంతో దూరం లేదు.