వెండితెర చూపని మూడు నెలలు

ఉన్నత పాఠశాల విద్యార్థులను "క్యాన్సరు అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. అదుపు తప్పిన కణవిభజనను గూర్చి చెప్పేవారు కొందరే ఉంటారు. ఎక్కువమంది దగ్గు, రక్తం, కన్నుమూత అని ఒక వరుస చెపుతారు. ఈ వరుస పాఠ్యపుస్తకం నేర్పినది కాదు, సినిమా నేర్పినది. కనుక సినిమాను విజ్ఞాన పత్రికలో విమర్శకు పెట్టడం అనుచితం కాదనుకొంటాను.

దాసరి నారాయణరావుగారి "ప్రేమాభిషేకం" 1981లో వచ్చినది. తనకు క్యాన్సరు ఉన్నదని తెలిసికొన్న కథానాయకుడు ప్రేమించిన అమ్మాయికి ఆ మాట చెప్పడు. ఆమె తనను అసహ్యించుకొనేటట్లు చెడ్డవానిగా నటిస్తాడు. ఆమెను మరొకరి ఇల్లాలిగా చేసి, చివరకు మరణిస్తాడు. 1993 నాటి "మాతృదేవోభవ"లో క్యాన్సరు సోకిన తల్లి తన బిడ్డలను ఒక్కొక్కరినే పరుల ఇండ్లకు అప్పగించి కన్నుమూస్తుంది. నాటకంగా ఈ రెంటికీ బలమున్నది. అక్కినేని నాగేశ్వరరావుగారి నటన చూసి కన్నీరు పెట్టుకొన్నవారిలో నేనూ ఒకడిని. నా అభ్యంతరం కన్నీటిమీద కాదు. ఈ కథలలో రోగం తెలియడానికీ ప్రాణం పోవడానికీ నడుమ ఏమీ జరగదు. కత్తి లేదు, కుట్లు లేవు, ఇంటికి తిరిగి రావడం లేదు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రి 1955 నుంచీ ఉన్నది గదా! ఇక రెండవ దోషం అంతకంటె పెద్దది. జబ్బును దాచడమే ప్రేమ అని "ప్రేమాభిషేకం" నేర్పుతుంది.

ఆ పాఠం మా ఇంటిలోనే అమలు జరిగినది. గురజాల సమీపాన పల్లెలో మా మేనత్తకు రొమ్ములో గడ్డ వచ్చి శస్త్రచికిత్స జరిగినది. చంకలోని లింఫు గ్రంథులను కూడ తీసివేసినారు. ఇంటికి తెచ్చిన తరువాత ఎవరమూ జబ్బు పేరు ఎత్తలేదు. "గడ్డ తీసినారు, అంతే అత్తా" అని చెప్పినవారిలో నేనూ ఉన్నాను, ఎం.ఎస్సీ. చదివి కూడ. ఫలితం చూడండి. రెండు నెలలు తిరగకముందే ఆమె పత్తి తీతకు పోయినది. ఎండిన పత్తికాయ మొన చేతికి గుచ్చుకొన్నది, చీము పట్టి చేయి మోచేతి దాకా వాచినది. మిగిలిన చికిత్సకు గుంటూరు రమ్మంటే, "తీసేసినారు గదా, ఇంకెందుకు?" అని మొండికెత్తినది. అప్పుడు నిజం చెప్పక తప్పలేదు. ఆమె ఏడవలేదు. "ముందే చెపితే చేయి జాగ్రత్త పెట్టుకొనేదాన్ని గదరా" అన్నది.

ఆ వాపు ఎందుకు వస్తుందో విద్యార్థులు గ్రహించవలె. సన్నని రక్తకేశనాళికల నుంచి కొంత ద్రవం కణజాలంలోకి ఊరుతూనే ఉంటుంది. అందులో తిరిగి రక్తనాళాలలోకి పోకుండ మిగిలినదానిని, రోజుకు సుమారు 2, 3 లీటర్లను, లింఫు నాళాలు రక్తంలోకి చేరుస్తాయి. చంకలోని గ్రంథులు ఈ దారిలో వడపోత స్థానాల వంటివి, సూక్ష్మజీవులను పట్టుకొనేవి కూడ. వాటిని తీసివేస్తే ఆ చేతినుంచి ద్రవం మరలే దారి ఇరుకవుతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ పొలాలు చూసిన మన పిల్లలకు, మురుగుకాలువ పూడిన మడి ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. అటువంటి చేతికి చిన్న గాయమైనా సులభంగా చీము పడుతుంది, వాపు పెరుగుతుంది. పత్తి, మిరప పండించే పల్నాటిలో ఈ ముచ్చట ఇంటింటికీ తెలియవలసినది.

అట్లని ఆ చేతిని కదల్చకుండ కట్టిపెట్టడమూ తప్పే. బరువు ఎత్తరాదని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. అమెరికాలో క్యాథరీన్ ష్మిట్జ్ బృందం ఇట్టి వాపు ఉన్న 141 మంది స్త్రీలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించినది. శిక్షకుల పర్యవేక్షణలో క్రమంగా బరువులెత్తినవారికి వాపు హెచ్చలేదు. మా అత్తకు చెప్పిన వ్యాయామం ఇంకా తేలిక. గోడకు ఎదురుగా నిలిచి వేళ్లను మెల్లగా పైకి పాకించాలి. ఆమె మనుమడు, పదవ తరగతివాడు, రోజూ వేళ్లు అందినచోట సున్నపుగోడమీద పెన్సిలుతో గీత గీసేవాడు. బిడ్డలు చేయగల సాయం ఇంతకంటె మంచిది నాకు తోచదు.

పథ్యం మరొక పెద్ద సమస్య. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని చుట్టాలు వారించినారు. గాయం మానడమంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అల్లుకొనడమే. ఆ పోగులు గట్టిపడడానికి విటమిన్ సి కావలె. మూడు నెలలు గడిచినా గాయపుచోటికి మునుపటి బలంలో నూటికి 80 పాళ్లకు మించి రాదు. పప్పు, గుడ్డు, పెరుగు, జామకాయ మాన్పించడమంటే తాపీవానికి ఇటుకలు ఇవ్వకుండ గోడ కట్టమనడమే. కంచం, గ్లాసు వేరు పెట్టడం కూడ చూసినాను. ఈ జబ్బు కంచంవల్ల అంటుకొనదు. కారెంపూడిలో ఏటేటా చాపకూడు తినే నేలమీద ఈ మాట చెప్పవలసి రావడం విచిత్రం.

అయినవారి తోడు నిజంగా పనిచేస్తుందా? అమెరికాలో రొమ్ము క్యాన్సరు వచ్చిన 2,835 మంది నర్సులపై 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఒంటరిగా ఉన్నవారి మరణావకాశం, తోడు బాగా ఉన్నవారికంటె నూటికి 66 వంతులు ఎక్కువని తేలినది. ఇది సంబంధమే గాని, కారణమని రుజువు చేసినట్లు కాదు. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని నొక్కి చెప్పవలె. ఊహకు మాత్రం అందని విషయం కాదు: మందు వేళకు గుర్తుచేసేవారు, బస్సు ఎక్కించేవారు ఒంటరికి ఎక్కడ? మరొక పరీక్ష ఇంకను ఆలోచింపజేస్తుంది. 1995లో కీకోల్ట్-గ్లేజర్ బృందం మతిమరపు రోగులను ఏండ్ల తరబడి సాకుతున్న 13 మంది స్త్రీల చర్మంపై చిన్న గాయం చేసి చూసినది. సాటి స్త్రీలకు 39 రోజులలో మానిన గాయం వీరికి సుమారు 49 రోజులు పట్టినది. సాకేవారి శరీరమే వెనుకబడిందన్న మాట. మా అత్త కోడలు ఆ మూడు నెలలలో ఒక్కరోజైనా పుట్టింటికి పోలేదు. ఆమెను గురించి మేమెవరమూ అడగలేదు.

"ప్రేమాభిషేకం"కు అసలు జవాబు దాని కథానాయకుడే ఇచ్చినారు. 2013 అక్టోబరులో నాగేశ్వరరావుగారు పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సరు ఉన్నదని తామే చెప్పినారు. శస్త్రచికిత్స తరువాత ఇంటిలో కుటుంబం నడుమ ఉంటూ, "మనం" చిత్రంలోని తమ పాత్రకు ఇంటినుంచే గొంతు ఇచ్చినారు. 2014 జనవరి 22న మరణించినారు. మేలో విడుదలైన చిత్రంలో ఆయన, కుమారుడు, మనుమడు కలిసి కనిపిస్తారు, కాని కథ పునర్జన్మలది. ఆ మూడు నెలల ఇంటి కథ తెరమీద నాకు కనబడలేదు.

నరసరావుపేటలో మా తరగతికి "ప్రేమాభిషేకం" కథ చెప్పి, ఆ అమ్మాయికి నిజం తెలిసి ఉంటే కథ ఏమయ్యేదో వ్రాయమన్నాను. ఎక్కువమంది పెండ్లితో ముగించినారు. ఒక అమ్మాయి మాత్రం ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేదాకా వ్రాసి, వంట ఎవరు చేస్తారు, ఆమెకు సెలవు ఎవరు ఇస్తారు అని అడిగి ఆపివేసినది.