లెక్క రాడార్‌ది, పేరు మనిషిది

వసంతంలో దక్షిణం నుంచి తిరిగొచ్చే చిట్టి పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రాన్ని దాటుతున్నాయా, ఒడ్డు చుట్టి వస్తున్నాయా? 1945లో హ్యూస్టన్ పక్షి పరిశీలకుడు జార్జ్ విలియమ్స్ ఈ సందేహం లేవనెత్తారు. మంచి ఎండ కాసే రోజుల్లో తీరంలోని చెట్లు బోసిగా ఉండేవి. తుపాను గాలి వీచిన రోజే కొమ్మకొమ్మకూ పిట్టలు కనిపించేవి. కాబట్టి సముద్రం దాటుతున్నాయనడానికి రుజువు లేదన్నది ఆయన వాదన. లూసియానా శాస్త్రవేత్త జార్జ్ లోవరీ ఒప్పుకోలేదు. చంద్రుడి మీదికి టెలిస్కోపు గురిపెట్టి, ఆ వెలుగుకు అడ్డుగా ఎగిరే పక్షులను లెక్కపెట్టారు.

ఈ పేచీ తేలడానికి వాతావరణ రాడార్ అక్కరకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ తెరల మీద కనిపించిన వింత చుక్కలు పక్షులవేనని బ్రిటన్‌లో డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ 1945లోనే చెప్పారు. 1960లలో లోవరీ శిష్యుడు సిడ్నీ గోత్రో లూసియానాలోని వాతావరణ రాడార్ల ముందు కూర్చున్నారు. మెక్సికోలోని యూకటాన్‌లో పొద్దుగూకాక బయల్దేరి, దాదాపు 1000 కిలోమీటర్ల నీటిని దాటి, మర్నాడు పగలు తీరం చేరే గుంపులు తెర మీద కనిపించాయి. గాలి అనుకూలిస్తే అవి ఒడ్డున దిగకుండా లోపలి అడవులకు సాగిపోతాయి. తీరం బోసిగా ఉండటం ప్రయాణం సుఖంగా సాగిందనడానికి గుర్తు!

ఇవాళ అమెరికాలో దాదాపు 160 డాప్లర్ వాతావరణ రాడార్లు ఉన్నాయి. పొద్దుగూకిన అరగంట, ముప్పావుగంటకు పిట్టలు పైకి లేస్తాయి. దూరం వెళ్లేకొద్దీ రాడార్ కిరణం పక్షులకన్నా ఎత్తుకు పోతుంది. అందుకే తెర మీద ఒక్కో కేంద్రం చుట్టూ గుండ్రటి మచ్చ విచ్చుకుంటుంది. అది వాన కాదని ఎలా తెలుస్తుంది? 2013 నాటికి అన్ని కేంద్రాలకూ అమర్చిన ద్వి-ధ్రువణ సాంకేతికత ఒకే తీరుగా ఉండే చినుకులను, రకరకాల ఆకారాల్లో ఉండే పక్షులను విడదీస్తుంది. పురుగులను వేరుచేయడానికి వేగం పనికొస్తుంది. చాలా పురుగులు గాలివాటున పోతాయి. పక్షులు గాలిని మించి పోతాయి.

అయితే రాడార్‌కు పేర్లు తెలియవు. ఎన్ని, ఎంత ఎత్తున, ఎటు అన్నంతవరకే దాని చూపు. వచ్చింది టానేజరా, ఓరియోలా, వార్బ్లరా అని చెప్పాల్సింది బైనాక్యులర్లు పట్టుకున్న మనిషే. టెక్సస్ తీరంలోని హై ఐలాండ్ ఓక్ తోపులు అందుకు పేరుపడ్డ చోటు. ఉత్తరం నుంచి చలిగాలి, వాన ఎదురొస్తే అలసిన పిట్టలు అక్కడ ఒక్కసారిగా వాలిపోతాయి. చూసినవాళ్లు ఆ పేర్లను 2002లో మొదలైన ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల పట్టీలో నమోదు చేస్తారు. ఒట్టి కళ్లను నమ్ముకుంటే విలియమ్స్‌లాగే పొరబడతాం. ఒట్టి రాడార్‌ను నమ్ముకుంటే పేరులేని గుంపులే మిగులుతాయి.

రెండూ కలిసినందువల్ల ఒరిగిన మేలు చిన్నది కాదు. ఏటా వసంతంలో సుమారు 210 కోట్ల పక్షులు గల్ఫ్ దాటో, దాని తీరం వెంబడో వస్తున్నాయని, ఏప్రిల్ 19 నుంచి మే 7 వరకు రద్దీ ఎక్కువని లెక్క తేలింది. 2007–2017 మధ్య అమెరికా మీదుగా రాత్రివేళ సాగే వసంత వలస దాదాపు 14 శాతం తగ్గిందనీ రాడారే పట్టిచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలుపంచుకునే బర్డ్‌కాస్ట్ ప్రాజెక్టు రాబోయే మూడు రాత్రులు వలస ఎలా ఉంటుందో వాన సూచనలాగే ముందే చెబుతోంది.

ఈ సూచన అందరికీ పనికొస్తుంది. రాత్రి దీపాలు పక్షులను దారి తప్పిస్తాయి, అవి అద్దాల భవనాలకు కొట్టుకుని చస్తాయి. హ్యూస్టన్‌లో, డాలస్‌లో ఉంటున్న తెలుగువారూ, వలస జోరుగా ఉన్న రాత్రుల్లో పదకొండు నుంచి ఉదయం ఆరు దాకా అక్కర్లేని దీపాలు ఆర్పండి. తెల్లవారాక పెరట్లో ఏ పిట్ట వాలిందో చూసి నమోదు చేయండి. రాడార్‌కు అందని ఆ పేరు మీరే చెప్పాలి.