బుర్రలో ఎత్తు, బుర్రలో నీరు

ఘనపరిమాణం, అంటే పాత్రలో ద్రవం ఆక్రమించే చోటు, గురించి బడి పుస్తకాలు ఇచ్చే రాతలెక్కల్లో పాత్ర చాలావరకు నిలువు గోడల తొట్టిగానో డ్రమ్ముగానో ఉంటుంది కనుక, ఎత్తు సగమైతే ద్రవమూ సగమేనన్న ఊహ పిల్లల్లో తెలియకుండానే పాతుకుపోతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం, చర్ల దాకా సాగే అడవి అంచున, కోయ ఇళ్లలో నీళ్లకూ కల్లుకూ వాడే ఎండిన సొరకాయ బుర్ర ఆ ఊహను నిలవనివ్వదు. దాని సన్నని మెడలో బెత్తెడు మేర పట్టే నీటికి ఎన్నో రెట్లు ఉబ్బిన పొట్టలో అదే బెత్తెడులో పడుతుంది. ఆ ఆకారానికి బడి సూత్రమేదీ సరిపడదు కాబట్టి కొలపాత్రతో పోస్తూ లెక్కపెట్టడమే దారి.

ఆ కొలపాత్రల్లోనే గొప్ప గణితం ఉంది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అవుతాయి గనుక, ఈ అయిదింటిలో ఏదీ రెండోసారి వాడకుండా 1 నుంచి 31 వరకు ఎన్ని గిద్దలైనా పోయవచ్చు. 11 గిద్దలు కావాలంటే తవ్వ, అరసోల, గిద్ద చాలు, మరో కూర్పు కుదరదు. ఇంతటి లెక్క పాత కొలతల పట్టికలో కంఠస్థానికే మిగిలిపోవడం విచారకరం. కంఠస్థం ఒక్కటే చాలని లెక్కలు తెలుగులో పాతవే: 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో లెక్క చేయాలంటే ముందు అన్వయం కుదరాలి, ఇచ్చిందేమిటో అడిగిందేమిటో విడదీయాలి. రాతలెక్కలో సగం పని నేటికీ అదే.

ఆ విడదీతను ఒక జలాశయం లెక్కలో చూద్దాం. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయం పూర్తి మట్టం 407 అడుగులు. అందులో రెండు టీఎంసీల, అంటే 200 కోట్ల ఘనపుటడుగుల, ఖాళీ ఉండి, 15,000 క్యూసెక్కులు వచ్చి చేరుతూ 5,000 క్యూసెక్కులు బయటికి పోతున్నాయనుకుంటే, క్యూసెక్కు సెకనుకు ఒక ఘనపుటడుగు కాబట్టి నికరంగా నిలిచేది సెకనుకు 10,000 ఘనపుటడుగులు; జలాశయం నిండడానికి రెండు లక్షల సెకన్లు, అంటే సుమారు యాభై అయిదున్నర గంటలు పడుతుంది. అయితే మొదటి పది గంటల్లో మట్టం ఎన్ని అడుగులు పెరుగుతుందని అడిగితే ఈ భాగహారం చాలదు, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ జలాశయం విశాలమై, అదే నీటికి మట్టం తక్కువగా పెరుగుతుంది. నదిలోనూ మట్టం ఒక్కటే చాలదు: భద్రాచలం వద్ద గోదావరికి ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల వద్ద జారీ అవుతాయి. అక్కడ ప్రతి మెట్టుకూ తేడా అయిదడుగులే అయినా, ప్రవాహం లెక్క తేలాలంటే నది వెడల్పునూ వేగాన్నీ కూడా చేర్చుకోవాలి.