అతీంద్రియవాదం: తత్త్వం, సంస్కరణ

ట్రాన్సెండెంటలిజాన్ని మనం తెలుగులో అతీంద్రియవాదం అంటున్నాం. ఈ పేరుతో ఒక చిక్కుంది. అతీంద్రియం అనగానే విద్యార్థికి మహిమలు, యోగశక్తులు స్ఫురిస్తాయి. ఎమర్సన్ ఉద్దేశం అది కాదు. జ్ఞానానికి ఇంద్రియానుభవమే మూలమన్న లాక్ సిద్ధాంతం చాలదని, సత్యాన్ని, ధర్మాన్ని నేరుగా గుర్తించే శక్తి ప్రతి మనిషిలోనూ ఉందని ఆయన భావించాడు. పేరు కాంట్ నుంచి వచ్చినా, కాంట్ పాటించిన కట్టుదిట్టం వీరిలో కనిపించదు.

ఎమర్సన్ 'నేచర్' 1836లో వెలువడింది. బోస్టన్ ప్రాంతంలో వీరి చర్చాబృందం ఏర్పడిందీ ఆ ఏడాదే. సత్యం మనిషికి తన లోపలే తెలుస్తుందంటే చర్చి గాని, ప్రభుత్వం గాని చివరి ప్రమాణం కాజాలదు. ఆ శక్తి అందరిలో ఉందంటే స్త్రీలనూ బానిసలనూ మినహాయించడానికి వీలులేదు. ఈ తర్కాన్ని స్త్రీల విషయంలో మార్గరెట్ ఫుల్లర్ తన 1845 నాటి గ్రంథంలో గట్టిగా వినిపించింది. నా దృష్టిలో ఈ బృందంలో అసలైన సాహసి ఆమే.

అయితే మార్పు వ్యక్తిలోనే మొదలు కావాలన్న పట్టుదల వీరిని సమష్టి కృషికి దూరంగా ఉంచింది. జార్జ్ రిప్లీ 1841లో బ్రూక్ ఫార్మ్ అనే సహజీవన క్షేత్రాన్ని స్థాపించి ఆహ్వానిస్తే, ఎమర్సన్ వెళ్ళలేదు. అగ్నిప్రమాదం, అప్పుల మధ్య అది 1847లో మూతపడింది. బానిసత్వం మీద ఎమర్సన్ 1844లోనే ప్రసంగించాడు. కాని పారిపోయిన బానిసలను పట్టివ్వడంలో ఉత్తరాది పౌరులు కూడా సహకరించాలని 1850 నాటి చట్టం శాసించిన తరువాతే ఆయన మాటకు పదును వచ్చింది. అన్యాయం తన గడప తొక్కేదాకా అంతరాత్మ అంత నెమ్మదిగా ఎందుకు కదిలిందన్నది అడగవలసిన ప్రశ్న.

థోరో అడవికి పోయి తపస్సు చేశాడని జవాబు పత్రాల్లో ఏటా చదివేవాణ్ణి. వాల్డెన్ సరస్సు కాంకర్డ్ ఊరికి మైలున్నర దూరం. అతడు కుటీరం కట్టుకున్నది ఎమర్సన్ స్థలంలో. 1846లో చెప్పు బాగుచేయించుకోవడానికి ఊళ్ళోకి వచ్చినప్పుడే, తలపన్ను కట్టనందుకు అతణ్ణి పట్టుకున్నారు. బానిసత్వాన్ని కాపాడుతూ మెక్సికోపై యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి పన్ను ఇవ్వనన్నది అతడి వాదం. జైల్లో గడిపింది ఒక్క రాత్రే. ఎవరో పన్ను కట్టేయడంతో మర్నాడు బయటికి వచ్చాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన వ్యాసం 1849లో అచ్చయింది.

1907లో దక్షిణాఫ్రికాలో గాంధీజీ ఆ వ్యాస సారాన్ని 'ఇండియన్ ఒపీనియన్' పాఠకులకు అందించారు. ట్రాన్స్‌వాల్‌లోని ఆ పాఠకులు నిర్బంధ రిజిస్ట్రేషన్‌ను కలిసికట్టుగా ధిక్కరిస్తున్న సమయమది. థోరో ఒంటరిగా చేసిన పనిని వారు సంఘం పెట్టుకుని, సభలు జరుపుకుని చేశారు.