శ్రుతి వదలని రాక్

ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందం పాటలు మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది ‘ఇదేం గోల’ అని పక్కన పెట్టేస్తారు. గిటార్లు బరబరలాడతాయి. ఏదో తీగ వాయిద్యం ఆగకుండా కీచుమంటూనే ఉంటుంది. గాయకుడు పాడుతున్నాడో, మాట్లాడుతున్నాడో పోల్చుకోవడం కష్టం. దువ్వూరులో మా మిద్దె మీద ఒక రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాళ్ల ‘వీనస్ ఇన్ ఫర్స్’ విన్నప్పుడు మాత్రం నాకు ఆ గోల అడుగున మొదలు నుంచి చివరిదాకా కదలకుండా నిలబడిన ఒక స్వరం ముందుగా వినిపించింది. బ్రహ్మంగారి మఠం మా ఊరికి ఎంతో దూరం కాదు. తత్వాలు పాడేవాళ్లు పాట ఎత్తుకునే ముందు తంబూరా మీటి శ్రుతి సరిచూసుకోవడం ఈ వైపు పుట్టిన పిల్లలందరికీ తెలుసు. అలాంటి చెవికి ఆ స్వరం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అది శ్రుతి. న్యూయార్కు రాక్ పాటలోకి అది ఎలా వచ్చిందన్నదే నన్ను ఆ పాట ఉన్న ‘ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నికో’ ఆల్బమ్ వెంట నడిపించింది.

అది కాకతాళీయంగా వచ్చింది కాదు. 1955లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌ను అమెరికాకు పిలిపించాడు. అక్కడ వచ్చిన ఆయన రాగాల ఎల్పీ రికార్డు లా మోంటే యంగ్ అనే కుర్ర స్వరకర్త చేతికి చిక్కింది. అందులో యంగ్‌ను పట్టి నిలిపింది తంబూరా. సంగీతానికి నేలగా ఉండే ఆ నాదాన్నే సంగీతం చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అతన్ని వదల్లేదు. 1960ల తొలినాళ్లలో న్యూయార్కులో ఒక చిన్న బృందాన్ని కూడగట్టి, కొద్దిపాటి స్వరాలనే గంటల తరబడి పట్టి నిలబెట్టే కచేరీలు చేశాడు. అక్కడ ఆధార స్వరానికి కొలత కరెంటు మోత. అమెరికా కరెంటు సెకనుకు 60 సైకిళ్లది, మనది 50. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే చెవిన పడే మోతకు దూరపు చుట్టమే వాళ్ల షడ్జమం అన్నమాట.

1963లో ఆ బృందంలోకి జాన్ కేల్ వచ్చి చేరాడు. ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు, వేల్స్‌లో గనులున్న పల్లెసీమలో పుట్టి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్నవాడు. అతని వాయిద్యం వయోలా, వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు బొంగురు. పనితనం చూడదలిస్తే ఆ వయోలా దగ్గరే చూడాలి. మామూలుగా దాని తీగలు ఆనే చెక్కముక్క పైభాగం వంపుగా ఉంటుంది. కమాను ఒకసారికి ఒకటో రెండో తీగల మీదే ఆనాలని ఆ వంపు. కేల్ ఆ వంపును అరగదీసి చదును చేశాడు. ఇక ఒక్క కమానుకు మూడు తీగలు కలిసి పలుకుతాయి. మామూలు తీగలు తీసేసి గిటారు తీగలు, మాండలిన్ తీగలు బిగించి, ఆ వయోలాను యాంప్లిఫయరుకు తగిలించాడు. వచ్చిన నాదంలో తీపి తగ్గింది, పదును పెరిగింది. గదిలో ఏ మూల నిలబడ్డా తప్పించుకోలేనంత నిండుదనం వచ్చింది. ఒక స్వరాన్ని ఎంతసేపైనా సడలకుండా పట్టి ఉంచడానికి కావలసినట్టు వాయిద్యాన్నే మార్చుకున్న మనిషి అతను.

రెండో వైపు నుంచి లూ రీడ్ వచ్చాడు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో కవి డెల్మోర్ ష్వార్ట్జ్ దగ్గర చదువుకుని, 1964లో పిక్‌విక్ అనే చవక రికార్డుల కంపెనీలో జీతానికి పాటలు రాస్తున్నాడు. అక్కడ ‘ది ఆస్ట్రిచ్’ అనే డ్యాన్సు పాట కోసం గిటారు తీగలన్నిటినీ ఒకే స్వరానికి బిగించాడు, కొన్ని మంద్రంలో, కొన్ని తారంలో. ఆ పాట వాయించడానికి పిలిపిస్తే వచ్చినవాళ్లలో కేల్ ఒకడు. తాము యంగ్ దగ్గర అంత నిష్ఠతో చేస్తున్న పనినే ఇక్కడ ఒకడు డ్యాన్సు పాటలో చేసేశాడని చూసి అతను ఆశ్చర్యపోయాడు. ఇద్దరినీ కలిపి వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌కు దారి తీసింది ఆ ఒక్క స్వరమే. ఆ బిగింపు ఈ ఆల్బమ్‌లో ‘వీనస్ ఇన్ ఫర్స్’లోనూ ‘ఆల్ టుమారోస్ పార్టీస్’లోనూ వినబడుతుంది. గిటారు మీద ఏ తీగ మీటినా అదే స్వరం మోగుతుంటే, పైన వయోలా ఒరుసుకుంటూ పోతుంటే, శ్రుతి చిక్కబడి బరువెక్కుతుంది.

తాళం సంగతి మోరీన్ టక్కర్ చూసుకుంది. ఆ రోజుల్లో రాక్ బృందాల్లో డ్రమ్ముల ముందు ఆడమనిషి కనిపించడమే అరుదు. పెద్ద డ్రమ్మును పడుకోబెట్టి, తాను నిలబడి, మెత్తని తలలున్న కర్రలతో కొట్టింది. తక్కిన రాక్ బృందాల్లో ఎడతెగకుండా ఝల్లుమనే కంచు పళ్లేలను (సింబల్స్‌ను) దాదాపుగా పక్కన పెట్టేసింది. నైజీరియా వాద్యకారుడు బాబాతుండే ఒలాతుంజీ రికార్డులు ఆమెకు ప్రాణం. పళ్లేలు లేకపోతే లాభమేమిటో ‘వీనస్ ఇన్ ఫర్స్’లో స్పష్టంగా తెలుస్తుంది. అవి మోగితే వయోలా పైస్వరాలు ఆ ఝల్లులో కలిసిపోయేవి. ఇక్కడ కింద పెద్ద డ్రమ్ము బరువైన దెబ్బలు, వాటి నడుమ టాంబరిన్ చప్పుడు, మిగిలిన చోటంతా వయోలాదే. తోటి వాయిద్యానికి దారి ఇవ్వడం ఇంతకన్నా బాగా తెలిసిన డ్రమ్మరును నేను వినలేదు.

ఈ ముగ్గురి పనీ కలిసి పండిన పాట ‘హెరాయిన్’. మత్తుమందుకు లొంగిన మనిషి తన నోటితో తానే చెప్పుకునే పాట ఇది. రీడ్ ఆ మనిషిని మెచ్చుకోడు, తిట్టడు, పూర్తిగా మాట్లాడనిస్తాడు. ఏడు నిమిషాలు దాటే పాటలో ఉన్నవి రెండే తీగమేళాలు (కార్డ్‌లు). కథంతా వడిలోనే ఉంది. మన చెక్కభజన ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుంది: నిదానంగా మొదలై, అడుగు అడుగుకూ వడి ఎక్కి, ఇక మనుషుల వశంలో లేదనిపించే దాకా పోయి, మళ్లీ ఒక్కసారిగా చల్లబడి మొదటి నడకకు వస్తుంది. ఆ వడిలో కేల్ పట్టిన స్వరం మాత్రం చాలాసేపు కదలదు. అందువల్లే చివర అది విరిగి కేకగా మారినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఐదు నిమిషాలు దాటాక ఒకచోట డ్రమ్ము ఉన్నట్టుండి ఆగిపోతుంది. తక్కినవాళ్ల మోతలో టక్కర్‌కు ఏమీ వినిపించక కర్రలు ఆపేసింది. వాళ్లు ఆగలేదు. కాసేపటికి ఆమె మళ్లీ అందుకుంది. ఆ వాయింపునే ఆల్బమ్‌లో ఉంచారు. విన్న ప్రతిసారీ అక్కడ కాళ్ల కింద నేల తొలగినట్టవుతుంది. పాటలోని మనిషి స్థితీ అదే కనుక, ఆ ఖాళీ పాటకు బలమే అయింది.

ఇదంతా 1966లో జరిగిన పని. ఏప్రిల్‌లో న్యూయార్కులోని సెప్టర్ స్టూడియోలో కొంత, మేలో హాలీవుడ్‌లో కొంత రికార్డు చేశారు. నిర్మాతగా చిత్రకారుడు ఆండీ వార్హోల్ పేరు వేశారు. మీటల దగ్గర అతను చేసింది తక్కువ. ఆ పేరు అడ్డుగా ఉండడం వల్ల వీళ్ల మోతను నునుపు చేయడానికి ఎవరూ సాహసించలేదు. అట్టమీది అరటిపండు బొమ్మ అతనిదే, జర్మన్ గాయని నికోను బృందానికి తెచ్చిందీ అతనే. ఆ నవంబరులో టామ్ విల్సన్ పర్యవేక్షణలో చేసిన ‘సండే మార్నింగ్’ ఆఖరున వచ్చి చేరి ఆల్బమ్‌కు మొదటి పాటయింది. అందులో అదే కేల్ సెలెస్టా అనే మెట్ల వాయిద్యం మీద ఎంత లేతగా పలికించాడో వింటే, తక్కిన పాటల గరుకుదనం చేతకాక వచ్చింది కాదని తేలిపోతుంది. ‘ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నికో’ 1967 మార్చిలో విడుదలైంది. అప్పట్లో బిల్‌బోర్డ్ పట్టికలో 171వ స్థానం దాటి పైకి రాలేదు. కేల్ 1968లో బృందం విడిచాడు. 2006లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల భాండాగారానికి ఈ ఆల్బమ్‌ను ఎంపిక చేసింది.

కొత్తగా వినేవాళ్లు ‘వీనస్ ఇన్ ఫర్స్’ను ఒకసారి వయోలా మీదే చెవి పెట్టి వినాలి, ఇంకోసారి డ్రమ్ము మీదే. ఆ తర్వాత ‘హెరాయిన్’కు రావాలి. మొత్తం పాటను ఒక్కసారి మింగబోతే గోలే మిగులుతుంది. విడివిడిగా వింటే ఎవరు ఏమి వాయించకుండా ఆగారో తెలుస్తుంది, నా దృష్టిలో ఈ ఆల్బమ్ గొప్పతనం అక్కడే ఉంది. మైదుకూరులో, ప్రొద్దుటూరులో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటారు, ప్యాడ్లు వాయించే కుర్రవాళ్లు దీన్ని తప్పక వినాలని నా కోరిక. కొత్త సంగీతం చేయాలంటే ఖరీదైన సామగ్రి, వందల తీగమేళాలు కావాలని వాళ్లకు ఎవరో నూరిపోశారు. కేల్, రీడ్, టక్కర్‌లకు ఒక స్వరం, రెండు మేళాలు, పడుకోబెట్టిన ఒక డ్రమ్ము చాలాయి. వాళ్లకు ఆ స్వరం ఎల్పీ రికార్డులో మన తంబూరా విన్నవాడి దగ్గర దొరికింది. మనకు తంబూరా భజన మందిరంలోనే ఉంది. దాని మీద ఏమి కట్టాలో తేల్చుకోవడమే మన కుర్రవాళ్ల పని.